ఇరవై నిమిషాల గోల్‌కీపర్

హొనియారా,
నవంబర్ 19.

నెల్మా అక్కకు,

ఎదురుపడే ధైర్యం లేక కాగితం పట్టుకున్న జెరోలిన్ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను, మా అమ్మ కులాసా. మరోవోలో నువ్వు, మీ నాన్న, మీ పడవ, మీకింకా దొరకని చేపలతో సహా అంతా క్షేమమని తలుస్తాను.

ఫైనల్ అయి మూడు వారాలైనా నీ మీద తిట్లు ఆగలేదు. మార్కెట్లో పోకచెక్కలు అమ్మే ఆడవాళ్లు సైతం నన్ను చూడగానే, "ఏమే, మీ భక్తురాలు ఒడ్డు చేరిందా, ఇంకా ఈదుతూనే ఉందా?" అని ఎర్రటి నోళ్లతో నవ్వుతున్నారు. మన కెప్టెన్ లోర్నా అయితే, "పది మ్యాచ్‌లు మనకి గెలిపించి, పదకొండోది దేవుడి హుండీలో వేసింది మహాతల్లి" అంటోంది. నేనూ నవ్వాను. దాచడమెందుకు?

నాకూ నీ మీద కోపం ఉంది అక్కా. శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం పొద్దుగూకేదాకా మీ చర్చివాళ్లకు విశ్రాంతి దినం, నువ్వు బంతి ముట్టవు. అందుకని కోచ్ రూబెన్ లీగ్ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, మన మ్యాచ్‌లన్నీ ఆదివారమో బుధవారమో వేయించాడు. నేను మాత్రం సీజనంతా బెంచీ మీద కూర్చుని నీకు నీళ్లందించాను. నా చేతి తొడుగులకు మట్టయినా అంటలేదు. నువ్వేమో, "వచ్చే ఏడు నీదే చెల్లీ" అంటూ నీ చిలగడదుంపలో సగం విరిచి పెట్టేదానివి. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది.

ఫైనల్ శుక్రవారం నాలుగింటికి పెట్టారు. పొద్దుగూకేది ఆరూ పదికి. ఆలోగా అయిపోతుందని నువ్వే లెక్కవేసి ఒప్పుకున్నావు. తీరా చూస్తే ఆటకు ముందు రెఫరీకి చూపాల్సిన మన జట్టు గుర్తింపు కార్డులు కనపడక ఆట నలభై నిమిషాలు ఆలస్యంగా మొదలైంది.

మనం ఒక గోలు ముందున్నాం. ఇంకా ఇరవై నిమిషాలుందనగా సూర్యుడు సముద్రంలోకి దిగాడు. నువ్వు రెఫరీకి చెయ్యెత్తి చూపి బయటికి నడిచావు. కోచ్ కాళ్లావేళ్లా పడ్డాడు. "నీకు దండం పెడతానమ్మా, ఇరవై నిమిషాలే! దేవుడేమైనా గడియారం చూస్తాడా?" అన్నాడు. "ఆయన చూడడు, నేను చూస్తాను" అన్నావు. నా చెయ్యి నొక్కి, "భయపడకు, నీకు వచ్చు" అని లోపలికి పంపావు.

నాకు రాలేదు. రెండు గోల్స్ వదిలేశాను, రెండోది నా కాళ్ల మధ్యనుంచే పోయింది. కప్పు చేజారింది. జనం నన్ను, "పాపం, పిల్ల ఏం చేస్తుంది" అన్నారు. నీ మీద సీసాలు విసిరారు. జాతీయ జట్టు శిబిరం జాబితాలో నీ పేరు కొట్టేశారు. ఆ పిలుపు కోసం నువ్వు ఎనిమిదేళ్లు కాచుకున్నావని నాకు తెలుసు. అయినా ఎవరినీ పల్లెత్తు మాట అనకుండా మీ ఊరికి ఓడెక్కావు. అరిచి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఈ దేశంలో గోల్‌కీపర్లకు కరువు కదా, నీ బదులు నన్ను పిలిచారు. వచ్చే నెల ఐదున ప్రయాణం. అమ్మ వీధంతా చెప్పుకుని మురిసిపోతోంది.

మీ నాన్నకు నా నమస్కారాలు.

నీ చెల్లెలిలాంటి
జెరోలిన్

తా.క.: కార్డులు పోలేదు అక్కా. ఆ నలభై నిమిషాలూ నా సంచీలోనే ఉన్నాయి, నేనే దాచాను. నువ్వు వేసిన లెక్కే నేనూ వేశాను. ఒక్క మ్యాచ్‌లో ఇరవై నిమిషాలు గోల్‌లో నిలబడాలనుకున్నాను, అంతే. చివరికి బల్ల కింద దొరికాయని తెచ్చిచ్చింది కూడా నేనే, కోచ్ నా భుజం తట్టాడు. ఈ ఉత్తరం ఆయనకు చూపిస్తే నా పేరు పోయి నీ పేరు మళ్లీ జాబితాలోకి వస్తుంది. నువ్వు చూపించవని తెలిసే రాశాను.