మా కారు లైటు మళ్లీ వెలిగించ ప్రార్థన

కోడూరు,
జూన్ 12.

గుడివాడ కార్ల సర్వీసు సెంటరు మేనేజరు గారికి, కోడూరు నుంచి బసవపున్నయ్య నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ మేమంతా క్షేమం. కారు సంగతే బాగాలేదు. మీకు ఫోను చేస్తే ఒక అమ్మాయి ఒకటి నొక్కమంటుంది, రెండు నొక్కమంటుంది, నొక్కితే సన్నాయి వినిపిస్తుంది. అది ఆగేదాకా వినే ఓపిక లేక ఉత్తరం రాస్తున్నాను.

పోయిన వారం ఏసీ చల్లగా రావడం లేదని బండి మీకు అప్పగించాను. మీవాళ్లు ఏసీ బాగుచేసి, నేను అడక్కపోయినా ఆయిల్ మార్చి, బండి కడిగి, సీట్లకు సెంటు కొట్టి మరీ ఇచ్చారు. అందుకు నాకు కోపం లేదు. నా బాధల్లా మీటరు పక్కనుండే పసుపుపచ్చ స్పానరు లైటు గురించి. దానివల్ల ఇంట్లో మనశ్శాంతి లేకుండా పోయింది. నిన్న మా బావమరిది జయకృష్ణ కారెక్కి కూర్చుని ఆ స్పానరు చోటే చూస్తూ అదో రకంగా నవ్వాడు. దయచేసి వెంటనే తగిన చర్య తీసుకోగలరు.

ఇట్లు,
బసవపున్నయ్య.

తా.క. సెంటు మాత్రం బాగుంది. మా ఆవిడ కారులో కూర్చుని బెండకాయలు తరుగుతోంది.


గుడివాడ,
జూన్ 18.

బసవపున్నయ్య గారికి, సర్వీసు మేనేజరు స్టీఫెన్ నమస్కారాలు.

మీ ఉత్తరం అందిందండి. చేత్తో రాసిన ఉత్తరం మా సెంటరుకి రావడం ఇదే మొదటిసారి. అందరం చుట్టూ చేరి చదువుకున్నాం.

స్పానరు లైటు మిమ్మల్ని విసిగిస్తోందని అర్థమైంది. కంగారు పడకండి. ఆయిల్ మార్చే వేళయిందని గుర్తు చెయ్యడమే దాని పని. ఆయిల్ మార్చాక దాన్ని రీసెట్ చెయ్యాలి, మావాళ్లు మర్చిపోయినట్టున్నారు. ఇంతమాత్రానికి మీరు గుడివాడ దాకా రానక్కర్లేదు. ఇంజను స్టార్ట్ చెయ్యకుండా తాళం మాత్రం తిప్పండి. మీటరు పక్కనున్న చిన్న బటన్ నొక్కి పట్టుకోండి. స్పానరు మిణుకుమిణుకుమని ఆరిపోతుంది. అప్పుడు వదిలెయ్యండి.

మీ సేవలో,
స్టీఫెన్.

తా.క. బటన్ నొక్కడానికి బలం అక్కర్లేదండి. ఇంట్లో ఆడవాళ్లయినా, పిల్లలైనా చెయ్యొచ్చు.


కోడూరు,
జూన్ 25.

స్టీఫెన్ గారికి, బసవపున్నయ్య రాస్తున్నది.

మీ ఉత్తరం మా ఆవిడ మాణిక్యమ్మ చేత చదివించుకున్నాను. నా చెవుల తప్పేమోనని రెండోసారి కూడా చదివించాను. ఆర్పడం ఎలాగో రాశారు. అయ్యా, అది ఆరిపోయింది కాబట్టే కదండీ నా గోల. నాకు వెలిగించడం కావాలి.

విడమరిచి చెబుతాను. మా వీధిలో కారు మాదొక్కటే. మా ఇంట్లో, మా నాన్నగారి రోజుల నుంచీ, ఎవరైనా ఏదైనా అడిగితే లేదనే మాట లేదు. నాకు ఆ మాట నోటికి రాదు. ఇది తెలిసి అందరూ కారు అడిగేవాళ్లు. జయకృష్ణయితే పెళ్లికని తీసుకెళ్లి, వస్తూ రొయ్యల మేత బస్తాలు వేసుకొచ్చాడు. ఆ వాసన వర్షాకాలమంతా ఉంది. అలాంటి సమయంలో దేవుడు పంపినట్టు ఆ స్పానరు వెలిగింది. అడగడానికి వచ్చినవాళ్లని కారు దగ్గరికి తీసుకెళ్లి, తాళం తిప్పి, స్పానరు చూపించి, ఇది వెలుగుతుండగా బండి దూరం వెళ్తే ఇంజను పట్టేస్తుందని చెప్పేవాణ్ణి. పాపం, వాళ్లు బండికి ఎలా ఉందని పరామర్శించి మరీ వెళ్లేవాళ్లు. రెండేళ్లు హాయిగా గడిచింది. లేదనే మాట నేను అనక్కర్లేకుండా నా తరఫున ఆ లైటే అనేది.

ఇప్పుడు జయకృష్ణ, "బావా, స్పానరు పోయిందిగా, ఇక మన బండి తిరగొచ్చు," అంటున్నాడు. మన బండి అన్నాడండీ. మీరు ఎలా ఆర్పారో అలాగే వెలిగించండి.

ఇట్లు,
బసవపున్నయ్య.

తా.క. మాణిక్యమ్మ పెడన వెళ్లి కలంకారీ చీరలు చూస్తానంటే ఆవిడకి కూడా ఆ స్పానరే చూపించాను. ఈ ముక్క మీ మనసులో ఉంచుకోండి.


గుడివాడ,
జులై 2.

బసవపున్నయ్య గారికి, స్టీఫెన్ నమస్కారాలు.

పొరపాటుగా అర్థం చేసుకున్నందుకు క్షమించండి. మీ బాధ ఇప్పుడు పూర్తిగా తెలిసింది. మాకూ ఒక బావమరిది ఉన్నాడు. పేరు నతానియేలు. నా మోటారుసైకిలు ఈ ఉత్తరం రాసే సమయానికి అతని దగ్గరే ఉంది.

మా మెకానిక్కులందరినీ అడిగి చూశాను. ఆ లైటుని ఆర్పడానికి బటనుంది గానీ వెలిగించడానికి లేదండి. పదివేల కిలోమీటర్లు తిరిగితే తనంతట తనే వెలుగుతుంది. బండి షెడ్డులో ఉన్నంతకాలం వెలగదు. కాబట్టి మీరు లైటు చూడాలంటే తిరగడమొక్కటే మార్గం.

మీ సేవలో,
స్టీఫెన్.

తా.క. వెలిగాక ఆయిల్ మాత్రం నిజంగానే మార్పించండి. ఇంజను పట్టేస్తుందని మీరు అందరికీ చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు.


కోడూరు,
మార్చి 9.

స్టీఫెన్ బాబుకి, బసవపున్నయ్య మావయ్య ఆశీస్సులు.

నువ్వు చెప్పినట్టే తిప్పుతున్నాను. పదివేలు తిరిగేదాకా ఓర్చుకుంటే తర్వాత ఎవరినీ ఎక్కించక్కర్లేదని పళ్లబిగువున మొదలుపెట్టాను. స్టీరింగు మాత్రం జయకృష్ణకి ఇవ్వలేదు. ఎవరడిగినా నేనే తోలుతున్నాను.

ఎదురింటి జీవరత్నం టీచరు గారిని బందరు చర్చి కూటాలకి తీసుకెళ్లాను. పులిగడ్డ వంతెన దాటేదాకా ఆవిడ పాటలు పాడుతూనే ఉంది. ఇప్పుడు గేదెకి చిట్టు కలుపుతూ అవే పాడుతున్నానని మాణిక్యమ్మ అంటోంది. జయకృష్ణ కూతురు హిమబిందు కూచిపూడిలో నాట్యం చేస్తే ముందు వరసలో కూర్చున్నాను. పిల్ల బాగా చేసింది, నాకు కళ్లనీళ్లు తిరిగాయి. పెడన ఎన్నిసార్లు వెళ్లామో లెక్కలేదు. అక్కడి నేతగాళ్లు మాణిక్యమ్మని పిన్నిగారూ అంటున్నారు. మాఘ పౌర్ణమికి హంసలదీవి వెళ్లి అందరం సముద్రస్నానం చేశాం. సాయంత్రమైతే మా అరుగు మీద చోటుండటం లేదు, ఎటు వెళ్దామనే చర్చలే. ఇదంతా లైటు కోసం పడుతున్న కష్టమని వాళ్లకి తెలియదు.

అసలు సంగతికి వస్తాను. పదివేలు ఎప్పుడో దాటింది, స్పానరు రాలేదు. రోజూ పొద్దున్నే చూసుకుంటున్నాను. బండిలో లోపమేమైనా ఉందా?

ఇట్లు,
బసవపున్నయ్య.

తా.క. ఈ ఆదివారం మంగినపూడి సముద్రానికి వెళ్తున్నాం. దారిలో లైటు వెలిగితే వెనక్కి తిరగాలి కాబట్టి పులిహోర కొంచెమే చెయ్యమన్నాను. మాణిక్యమ్మ గుండిగ నిండా చేస్తానంటోంది. ఆ ధైర్యం ఏమిటో నాకు అర్థం కాదు.


గుడివాడ,
మార్చి 14.

మావయ్య గారికి, స్టీఫెన్ నమస్కారాలు.

మీ ఉత్తరం చూసి నాకు భయం వేసింది. పదివేలు దాటినా లైటు వెలగలేదంటే మీటరు కంప్యూటరులోనే లోపం ఉన్నట్టు. విజయవాడ నుంచి ఇంజనీరుని పిలిపిస్తున్నాను. లైటు ఎప్పుడు వెలిగిందో, ఎప్పుడు ఆరిందో అన్నీ అతని మిషన్‌లో కనిపిస్తాయి. ఈ శుక్రవారమే బండి తీసుకురండి. లోపం ఎక్కడుందో మీ కళ్లముందే తేలుస్తాం.

మీ సేవలో,
స్టీఫెన్.

తా.క. వచ్చేటప్పుడు జయకృష్ణ గారిని కూడా తీసుకురండి. నతానియేలుని పరిచయం చెయ్యాలి. ఇద్దరికీ బాగా కుదురుతుంది.


కోడూరు,
మార్చి 17.

చిరంజీవి స్టీఫెన్‌ని మాణిక్యమ్మ అత్తయ్య ఆశీర్వదించి రాస్తున్నది.

నాయనా, ఆ ఇంజనీరుని రావద్దని చెప్పు. కంప్యూటరులో లోపమేమీ లేదు. లైటు వెలిగింది. ఆర్పింది నేను.

మాఘ పౌర్ణమి పొద్దున మీ మావయ్య గారు స్నానం చేస్తుంటే నేను క్యారేజీ తీసుకెళ్లి కారులో పెట్టాను. లోపల ఉక్కగా ఉందని అద్దాలు దింపడానికి తాళం తిప్పాను. స్పానరు దర్జాగా వెలుగుతోంది. గుమ్మం బయట వీధి వీధంతా తువ్వాళ్లు పట్టుకుని నిలబడి ఉంది. జీవరత్నం టీచరు గారు అప్పుడే పాట ఎత్తుకుంది. నాకు ఏడుపొచ్చింది. అంతలో నీ మొదటి ఉత్తరం గుర్తొచ్చింది, ఆయన రెండుసార్లు చదివించుకున్నారుగా, నాకు నోటికొచ్చేసింది. బటన్ నొక్కి పట్టుకున్నాను. నువ్వు చెప్పినట్టే మిణుకుమిణుకుమని ఆరిపోయింది. నిజంగానే బలం అక్కర్లేదు.

ఆయన ఉత్తరాలకు కవర్లు అంటించేది నేనే బాబూ. పెడన గురించి నువ్వు మనసులో ఉంచుకున్న ముక్క నా మనసులోనూ ఉంది. అప్పుడు కోపమొచ్చింది, ఇప్పుడు లేదు. ఈ ఎనిమిది నెలలూ నేను చాలా సంతోషంగా ఉన్నాను. ఆయన కూడా ఉన్నారు, ఆయనకి ఇంకా తెలియలేదంతే.

శుక్రవారం వస్తాం. ఆయనకి టీ ఇచ్చి కూర్చోబెట్టి, వెనకనుంచి ఆయిల్ మార్చెయ్యి. ఏమైందని అడిగితే లైటు రావాలంటే ఇంకా తిరగాలిట అని చెప్పు.

ఇట్లు,
మాణిక్యమ్మ.

తా.క. ఇది ముగిస్తుండగా ఆయన కూడా నీకు రాసిన చీటీ ఒకటి అంటించమని ఇచ్చి వెళ్లారు. ఇందులోనే పెడుతున్నాను. నువ్వు చదివేలోపు నేను చదివాను. "స్టీఫెన్ బాబూ, నీ మొదటి ఉత్తరం ఎక్కడ పెట్టానో కనిపించడం లేదు. ఒకవేళ ఆ దిక్కుమాలిన లైటు వెలిగితే ఆర్పడం ఎలాగో ఇంకొకసారి రాసి పంపు. మీ అత్తయ్యకి తెలియనక్కర్లేదు," అని ఉంది. ఆ ఉత్తరం నా బియ్యం డబ్బాలో ఉంది. అయినా రాసి పంపు నాయనా. నాకేమీ తెలియదు.