పెద్దమ్మ తీసిన గాలి

అమ్మకు,

పెద్దమ్మా నేనూ క్షేమంగా మీవాట్న్ ఊరు చేరాం. రేడియోలో మంచు తుఫాను వార్త విని కంగారు పడుతుంటావని ముందుగా ఈ మాట రాస్తున్నాను.

నా జీపును జానెడు ఎత్తు లేపించి, నడుం దాకా వచ్చే టైర్లు వేయించాను కదా. పెద్దమ్మ పాలడబ్బా మీద కాలేసి ఎక్కుతూ, "ఇది బండా, అటకా?" అంది. "దీని ముందు మంచు ఒక లెక్కా!" అన్నాను. తీరా కొండ మీద మెత్తటి మంచులో బండి పొట్ట దాకా దిగబడింది. నేను పార పట్టుకుని తవ్వుతుంటే పెద్దమ్మ అద్దం దించి, "పారతో పనేంటే పిచ్చిదానా? టైర్లలో గాలి తియ్యి!" అని అరిచింది. ఆ సంగతి నాకు తెలియక కాదు, కొత్త టైర్లు చప్పబడితే చూడలేక ఊరుకున్నాను. చివరికి తీశాను. టైర్లు రొట్టెల్లా పరుచుకోగానే బండి మంచు మీద తేలిపోయింది.

నాన్న చేసిన ఎత్తుపీట బస్సులో పంపు, పెద్దమ్మ ఎక్కడానికి కావాలి. రెండు కట్టల ఎండుచేపలూ పెట్టు. కుక్క కాలి కట్టు విప్పారా?

పెద్దమ్మ నిన్ను అడిగినట్టు చెప్పమంది. ఊళ్ళో కనబడిన వాళ్ళకల్లా, "నాలుగు టైర్ల గాలి స్వాల తీసింది, స్వాల గాలి నేను తీశాను" అని చెప్పుకుంటోంది.

నీ స్వాల