అక్క ఏమీ చెప్పడం లేదు

భూపాలపల్లి,
ఏప్రిల్ 20

అక్కకు, బొగ్గుగనుల ఊరి ఎండలోంచి తమ్ముడి దండాలు.

వారం రోజులుగా నీ ఫోన్ పలకడం లేదు. బావకు చేస్తే, కాశీలో స్నానం చేసేటప్పుడు అది గంగలో జారిపడిందనీ, మళ్లీ కొనవద్దన్నావనీ చెప్పాడు. నీకిమ్మంటే ఇచ్చాడు. "పోస్టుల రాయి తమ్మీ, తీరిగ్గ చదువుకుంట" అని నువ్వు పెట్టేశావు. అందుకే ఇన్నేళ్ల తర్వాత పెన్ను పట్టాను. అక్షరాలు వంకరపోతే, గనిలో మోటార్లు విప్పే చేయి కదా అని సర్దుకో.

పిల్లలకు సెలవులిచ్చారు. అమ్మ పోయిన తర్వాత ఎండాకాలమంటే మాకు చిల్పూరే. ఎప్పటిలాగే మూడు సంగతులు నువ్వే చెప్పాలి. మేం ఏ రోజు బయలుదేరాలి? తొక్కు పచ్చడికి మామిడికాయ ఏ రోజు కోయాలి? ఈసారి కూలర్ తేవాలా, వద్దా? తొర్రూరులో చెల్లె మమత కూడా నీ మాట కోసమే చూస్తోంది.

స్రవంతి, పిల్లలు నిన్ను అడిగామన్నారు.

నీ జవాబు కోసం గుమ్మంలో నిలబడ్డ
ప్రభాకర్

తా.క.: పోయినేడు బస్సులో కుడివైపు కూర్చోమన్నావు, ఎడమవైపు ఎండ వస్తుందని. ఈ ఏడాది ఎండ ఎటువైపో కూడా రాయి.

చిల్పూర్,
ఏప్రిల్ 25

తమ్ముడిని స్వామి చల్లగా చూడాలి.

ఉత్తరం అందింది. అక్షరాలు బాగానే ఉన్నాయి.

ఎప్పుడు రావాలో నీ ఇష్టం. కాయ ఏ రోజు కోసినా మంచిదే. కూలర్ సంగతి నీకెట్లా తోస్తే అట్లా చెయ్యి.

తోట నుంచి కాయలు వచ్చాయి. వరిగడ్డిలో మాగేశాను.

ఇట్లు
అక్క

తా.క.: బస్సులో నీకు ఎక్కడ హాయిగా ఉంటే అక్కడ కూర్చో.

భూపాలపల్లి,
ఏప్రిల్ 29

అక్కకు, తప్పు చేసిన తమ్ముడు వంగి పెట్టే దండం.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాం. మూడోసారి స్రవంతి గట్టిగా చదివింది. అప్పుడు ఇంకా భయం వేసింది.

నాకు నలభై ఎనిమిదేళ్లు. ఇన్నేళ్లలో నువ్వు నాతో "నీ ఇష్టం" అనడం ఇదే మొదటిసారి. నా పెళ్లిలో తాళి కడుతుంటే, వెనక నిలబడి ముళ్లు లెక్కపెట్టి "ఇంకొకటున్నది" అని చెప్పినదానివి నువ్వు. స్రవంతి అయితే ఒకటే మాట అంది. "మా అమ్మ మా నాయిన తోటి నీ ఇష్టం అన్నదంటే, మా ఇంట్ల మూడు దినాలు పొయ్యి వెలిగేది కాదు."

మమతకు ఫోన్ చేశాను. తనకు కూడా "నీకు తోచినట్టు చెయ్యి" అని రాశావట. ఆ కార్డు దేవుడి పటం ముందు పెట్టి దండం పెట్టుకుంటోంది. ఇక ఆగలేక మీ పక్కింటి మైసమ్మకు చేసి, అక్క కోపంగా ఉందా అని అడిగాను. "కోపమేం లేదు సారూ. ఎవలేమన్నా ఊకె నవ్వుకుంట కూసుంటున్నది" అంది. అది విన్నాక నాకు చెమటలు పట్టాయి.

నువ్వు అలిగావు. ఎందుకో తెలియదు కాబట్టి, నాకు గుర్తున్నవన్నీ ఒప్పుకుంటున్నాను. నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు తొక్కు జాడీ పగలగొట్టింది పిల్లి కాదు, నేనే. పాపం ఆ పిల్లిని గోనెసంచిలో వేసి ఊరవతల వదిలించారు. పోయినేడు నీ పట్టుచీర ఆరేసిన తాడు తెంపింది గాలి కాదు. బుగులు వేంకటేశ్వరస్వామి గుట్ట ఎక్కి వస్తామని మూడు రోజులు పొద్దున్నే వెళ్లింది కూడా గుట్టకు కాదు. తాటివనానికి వెళ్లాం. కల్లు తాగాం. స్వామిని కింద నుంచే చూసి దండం పెట్టుకున్నాం.

ఇంకేమైనా ఉంటే నువ్వే అను. తిట్టు. కానీ ఎండాకాలాన్ని ఆపకు అక్కా.

నీ కోపానికి పాత్రుడైన
ప్రభాకర్

తా.క.: "వెళ్లాం, తాగాం" అని రాసినందుకు బావను అనుమానించకు. రెండో మనిషి ఆయనే గానీ, ఆయన పేరు నేను చెప్పలేదు.

చిల్పూర్,
మే 4

తమ్ముడికి మనశ్శాంతి కలగాలి.

నేను అలగలేదు.

జాడీ సంగతి అప్పుడే తెలుసు. పిల్లి మూత విప్పి పక్కన పెట్టి తినదు. పిల్లిని వదిలించింది మన బాపు. నేను వెళ్లి మళ్లీ తెచ్చాను. తాడు సంగతి కూడా తెలుసు. తాటివనం సంగతి ఇప్పుడే తెలిసింది.

కాశీకి వెళ్లినవాళ్లు ఇష్టమైనది ఒకటి అక్కడ వదిలి రావాలని నీకు తెలుసు. నేనూ ఒకటి వదిలాను. అలవాటు పడడానికి కొంచెం కష్టంగా ఉంది. అంతకన్నా ఏమీ లేదు. ఏం వదిలావని అడగకు.

మీరు వస్తే సంతోషం.

ఇట్లు
అక్క

తా.క.: నీ ఉత్తరం చదివి మీ బావకు ఇచ్చాను. చదువుకున్నారు. పొద్దుటి నుంచి పశువుల కొట్టం శుభ్రం చేస్తున్నారు. నేనేమీ అనలేదు.

భూపాలపల్లి,
మే 8

అక్కకు, అంతా అర్థమైన తమ్ముడి ప్రణామాలు.

నువ్వు అడగవద్దన్నావు, అడగలేదు. కానీ అడగక్కర్లేకుండానే తెలిసిపోయింది. ఈ లోకంలో నీకు మామిడిపండు కంటే ఇష్టమైనది ఏముంది? చిన్నప్పుడు టెంక కోసం నాతో, మమతతో కలబడినదానివి. అలాంటిదానివి మామిడి వదిలి వచ్చి, గడ్డిలో మాగుతున్న పండ్ల పక్కనే పడుకుంటున్నావు. "కొంచెం కష్టంగా ఉంది" అని నువ్వు రాశావంటే అది ఎంత కష్టమో నాకు తెలుసు.

బావకు ఫోన్ చేసి అవునా కాదా అని అడిగాను. "నాకేం తెల్వదు. నన్ను కొట్టం కడుక్కోనియ్యి" అన్నాడు. కాదని మాత్రం అనలేదు.

అందుకని మేమంతా కూర్చుని ఒక నిర్ణయానికి వచ్చాం. ఈ ఎండాకాలం మన ఇంటిల్లిపాదిలో ఎవరూ మామిడిపండు ముట్టరు. పిల్లల చేత కూడా ఒట్టు వేయించాం. కాయ కోయడం, తొక్కు కలపడం, ఆ పది రోజులు కలిసి ఉండడం అన్నీ తొర్రూరులో మమత ఇంట్లో పెట్టుకుంటాం. నీకు ఆ వాసన తగలకూడదు. నువ్వు ఇంట్లో ప్రశాంతంగా పూజ చేసుకో. చివర్లో వచ్చి దండం పెట్టుకుని వెళ్తాం.

పదిహేనో తారీకు తొర్రూరు చేరుతున్నాం. సరేనా అక్కా? నీకు వద్దనిపిస్తే ఒక్క ముక్క రాయి, ఆపేస్తాను.

నీ త్యాగానికి తలవంచిన
ప్రభాకర్

తా.క.: ఒట్టు వేసిన రోజు నుంచి చిన్నవాడు నాతో మాట్లాడడం లేదు. పెద్దదేమో, కాశీ ఎవరు కట్టారని అడుగుతోంది. ఏం చెప్పాలి?

చిల్పూర్,
మే 12

తమ్ముడికి స్వామి తోడు ఉండాలి.

నేను వదిలింది మామిడి కాదు. ఈ మధ్యాహ్నం కూడా రెండు తిన్నాను.

తొర్రూరు సంగతి నీ ఇష్టం.

మమత ఇంట్లో రెండే గదులు. డాబా ఎక్కే మెట్లకు పిట్టగోడ లేదు. ఇది చెప్పడం కాదు, ఉన్న సంగతి. మధ్యాహ్నం పూట బస్సు ఎక్కినవాళ్లకు వడదెబ్బ తగులుతోందని పేపర్లో వచ్చింది. అది పేపరు వాళ్లు చెప్పింది.

మొదట మాగేసిన పండ్లన్నీ మైసమ్మ ఇంటికి పంపాను. రెండోసారి మళ్లీ కాయ తెప్పించి మాగేశాను. ఎందుకు తెప్పించానో నాకే తెలియదు. డాబా మీద నీళ్లు చల్లి మంచాలు వేసి ఉన్నాయి. తొమ్మిది.

ఇట్లు
అక్క

తా.క.: మీ బావ కూడా తొర్రూరు వస్తారట. ఇక్కడ కడగడానికి ఏమీ మిగలలేదు.

తొర్రూరు,
మే 21

అక్కకు, ఏం చేయాలో తెలియని తమ్ముడి మొర.

దీన్ని బావ చేతికిచ్చి పంపిస్తున్నాను. పోస్టుకు వేసే వ్యవధి లేదు.

మామిడి కాదని నువ్వు రాసిన ముక్క చదివి స్రవంతి కళ్లు తుడుచుకుంది. "వదినె ఎన్నడు ఆడని అబద్ధం మన కోసం ఆడుతున్నది" అంది. అందుకే ఇంకా పట్టుదలగా వచ్చాం. వచ్చి ఆరు రోజులైంది.

కాయ ఎప్పుడు కోద్దామని మమతను అడిగాను. నీ ఇష్టమన్నా అంది. నీ ఇల్లు, నీ ఇష్టమని నేనన్నాను. స్రవంతిని అడిగితే ఆడపడుచు ఇంట్లో నాదేముంది, ఆమె ఇష్టమంది. అలా మూడు రోజులు గడిచేసరికి సగం కాయ పండుబారింది. నాలుగో రోజు ఎలాగో కోశాం. మమత ఉప్పు వేసింది. మమత వేయలేదనుకుని స్రవంతి వేసింది. ఇద్దరూ మరిచిపోయారనుకుని బావ వేశాడు. రుచి చూద్దామంటే అదీ మామిడే, నోట పెట్టకూడదు. జాడీ మూత కట్టి మూల పెట్టాం. దాని పక్కకు ఎవరూ వెళ్లడం లేదు.

ముంజలు రెండు గెలలు తెచ్చాను. చిల్పూరులో అయితే ఎవరికి ఎన్నో నువ్వు చెప్తావు, తింటాం. ఇక్కడ నువ్వు తీసుకో అంటే నువ్వు తీసుకో అనుకుంటూ మధ్యాహ్నం చేశాం. ఆ తర్వాత తినబోతే ఎండిపోయి తోలులా సాగాయి.

నిన్న మమత స్నానాల గదిలోకి వెళ్లి గంట దాటినా రాలేదు. తలుపు కొట్టాను. తీసింది. మూతి చుట్టూ పసుపు రంగు. చేతిలో టెంక. అక్క వదిలేస్తే నువ్వు తింటావా అని కోప్పడబోయాను. "ముందుగాల నీ అంగి చూస్కో అన్నా" అంది. చూసుకున్నాను. జేబు కింద రసం మరక ఉంది. ఆ తర్వాత వెతికితే స్రవంతి పెట్టెలో నాలుగు, పిల్లల పక్కల కింద ఆరు, బావ చేతిసంచిలో ఒక డజను దొరికాయి.

ఒకరినొకరు నానా మాటలు అనుకున్నాం. మామూలుగా కాదు, పాతవన్నీ తీశాం. చివరికి మమత మెల్లగా అంది. "ఇగ వచ్చే ఏడాది సంది ఎవలింట్ల వాళ్లే ఉందాం."

ఎవరూ కాదనలేదు అక్కా. నేనూ కాదనలేదు. కాదనే మనిషివి నువ్వు. అమ్మ పోయిన ఏడాది, ఇంకా నెల తిరగకుండానే మమ్మల్ని పిలిచి, ఎవరెక్కడ పడుకోవాలో చెప్పి, తినమని కంచాలు ముందుకు తోసింది నువ్వు. రేపు తొమ్మిదింటికి మా బస్సు. ఎక్కితే ఇక అంతే. ఎక్కాలా?

ఒక్క మాట చెప్పు.

నీ
ప్రభాకర్

తా.క.: బావ సంచిలో పండ్లు తీసేసుకున్నాం. దారిలో కొంటే నా పూచీ కాదు.

చిల్పూర్,
మే 21, సాయంత్రం

తమ్ముడికి, చెల్లెకు, మరదలికి దీవెనలు.

బస్సు ఎక్కవద్దు.

ఉత్తరం చదివి గుట్టకు వెళ్లి వచ్చాను. ఇప్పుడు చెప్తున్నాను, విను. కాశీలో పూజారి నాకు అన్నింటికన్నా ఇష్టమైనది వదలమన్నారు. మామిడి అనబోయాను. పక్క నుంచి మీ బావ "గామెకు అన్నిట్లకన్న ఇష్టం ఒగలకు చెప్పుడు" అన్నారు. పూజారికి తెలుగు వచ్చు. నవ్వారు. నాకూ నిజమేననిపించింది. అందుకని చెప్పడం వదిలాను. ఏం వదిలానో మీకు తెలిస్తే, చెప్పు చెప్పు అని వెంటపడతారని దాచాను. నేను ఊరుకుంటే మీరు మీ ఇష్టం వచ్చినట్టు సుఖంగా ఉంటారనుకున్నాను. నలభై రోజులు ఊరుకున్నాను. మీరు సుఖంగా లేరు. నేనూ లేను.

వదిలింది వెనక్కి తీసుకోవచ్చా అని గుట్ట మీద పూజారిని అడిగాను. "తీసుకోవద్దమ్మా. తప్పదంటే దానికి బదులు అంత బరువుది ఇంకోటి పెట్టాలె" అన్నారు. మూడు ప్రదక్షిణలు చేశాను. మామిడి పెట్టాను. మీరనుకున్నది ఇప్పుడు నిజమైంది.

ఇక రేపు పొద్దున ఏడు గంటల బస్సుకు అందరూ ఇక్కడికి రావాలి. తొక్కు జాడీ తెండి, ఉప్పు లేని ముక్క కలిపి సరిచేస్తాను. మమతను తాళం వేసి రెండుసార్లు లాగి చూడమను. నిన్న అనుకున్న మాటలు అక్కడే వదలండి, ఇక్కడ వాటికి మంచం లేదు. పండ్లు రెండు రోజులకు మించి ఆగవు. దాక్కుని తిన్నవాళ్లు గిన్నెలు కడగాలి. ఈ ఉత్తరం తెచ్చిన మీ బావను దారిలో ఏ చెట్టు కిందా దిగనివ్వకు.

ఇట్లు
మీ అక్క విజయలక్ష్మి

తా.క.: తినడమే వదిలాను. వాసన చూస్తే దోషం లేదని పూజారిని అడిగి తెలుసుకున్నాను. తినేవాళ్లు వంతులవారీగా నా పక్కన కూర్చుని తినాలి. మొదటి వంతు నీది. మెల్లగా తిను.