బకెట్‌లో వెలిగిన నీళ్లు

అక్కా, మేమంతా కులాసా. నాకే ఒళ్లు మండిపోతోంది.

రంగుల ఫ్యాక్టరీ మురుగుకాలవలో మా ఆఫీసు పెట్టిన మిషను నీకు తెలుసుగా. అది నీళ్లలోకి కంటికి కనబడని కాంతి వేస్తుంది; రంగుమందు కలిసి ఉంటే నీళ్లు వెలుగుతాయి, తెరమీద గీత లేస్తుంది. నిన్న తనిఖీకి వెళ్తే, ఆ గీత లేవకూడదని వాళ్ల మేనేజరు మహానుభావుడు మిషనును కాలవలోంచి తీయించి, క్యాంటీన్ బోరునీళ్ల బకెట్‌లో ముంచి పెట్టాడు. అయినా గీత అంతెత్తున లేచింది! మిషను కడిగి, నేనే శుభ్రమైన గాజుపాత్రలో బోరునీళ్లు పట్టి చూసినా అంతే. కాలవ విషం బోరులోకి దిగిపోయిందన్నమాట. "మీ మిషనుకు పిచ్చెక్కిందమ్మా, బాగుచేయించుకోండి," అంటాడు, వాడి మొహం మండ! రోజూ కూలీలు తాగేది ఆ నీళ్లే.

మీ బావి ఆ కాలవకు దిగువనే ఉంది. పిల్లలకు ఆ నీళ్లు ఇవ్వకు. మరగబెట్టినా పోయేది కాదని బావగారికి గట్టిగా చెప్పు. గాజుసీసాలో బావినీళ్లు పట్టి వెంటనే పంపు. సీసా సబ్బుతో కడగకు, సబ్బు కూడా వెలుగుతుంది. అమ్మ మోకాళ్లనొప్పి తగ్గిందా? చిన్నదానికి ముద్దులు.

మీ నీళ్లలో పెట్టినప్పుడు గీత లేస్తే మాత్రం, నా మిషనుకు నిజంగానే పిచ్చెక్కి ఉంటే బాగుండునని, కనబడ్డ దేవుడికల్లా మొక్కుతున్నాను.

నీ చెల్లెలు