గురక పెట్టే బొమ్మ

అడిలైడ్,
మార్చి 4, మంగళవారం

అమ్మకి,

నీ కోపిష్టి కూతురు మెరిన్ రాస్తున్నది. ఇక్కడ నేనూ, పిల్లీ, బస్సూ బాగానే ఉన్నాం. ముగ్గురిలో దగ్గేది బస్సొక్కటే. అక్కడ నీ మోకాలూ, నీ పొయ్యీ, నువ్వు మూడు పూటలా వండి పెట్టే ఆ పశువుల కాపర్లూ బాగున్నారనే అనుకుంటున్నాను. ఉత్తరాల విమానం అక్కడ వారానికొక్కసారే దిగుతుంది గనక ఉన్నదంతా ఇందులోనే కుక్కుతున్నాను. తీరిగ్గా కూర్చుని చదువు.

పోయిన ఉత్తరంలో నువ్వడిగినవాటికి ముందు జవాబులు. పన్ను పీకించుకున్నాను, నొప్పి పోయింది. కూరగాయలు తింటున్నాను; బంగాళదుంప కూరగాయ కాదని నువ్వు పట్టుబడితే నేనేం చెయ్యలేను. లైబ్రరీకి వెళ్తున్నాను. పదో తరగతిలో బడి మానేసినదాన్నే అయినా, గనుల గురించి వాళ్ళ దగ్గరున్న పుస్తకాలన్నీ అయిపోయాయని లైబ్రరీ ఆవిడే చెప్పింది. "టూరు బస్సు నడుపుతుంటే కోపం కాస్త తగ్గిందా?" అని అడిగావు. లేదమ్మా, పెరిగింది.

ఎందుకు పెరగదు చెప్పు? వారానికి నాలుగు రోజులు ముసలివాళ్ళని ఎక్కించుకుని ఏదో ఒక చిన్న ఊరికి పోతాను. ప్రతి ఊళ్ళోనూ ఒక పాత గని, ఒక మ్యూజియం, ఒక బేకరీ. ప్రతిచోటా ఒక బోర్డు. గని యజమాని పేరు పెద్ద అక్షరాల్లో, ఆయన కూర్చున్న కుర్చీ అద్దాల పెట్టెలో. ఆయన గడ్డం దువ్వుకున్న దువ్వెన కూడా చూశాను. రాళ్ళు మోసినవాళ్ళ పేర్లుండవు. వాళ్ళందరికంటే ముందు వేల ఏళ్ళుగా ఆ నేల మీదున్న మనుషులకి కింద ఒక్క వాక్యం, అదీ సగం వెలిసిపోయి. నేను మైకులో బోర్డు చదివి వినిపించి, తర్వాత బోర్డు చెప్పనిది చెప్తాను. కొందరు నిద్రపోతారు. కొందరు వెనక సీట్లోంచి ముందుకొచ్చి కూర్చుంటారు. ఆ ముందుకొచ్చేవాళ్ళ కోసమే ఈ ఉద్యోగం చేస్తున్నాను.

మా మిస్టరీ ట్రిప్పుల సంగతి నీకు తెలుసుగా. నెలకొకసారి బస్సు ఎక్కడికి పోతుందో ఎక్కేవాళ్ళకి చెప్పం. ఊరి పేరు ఊహించి కాగితం మీద రాసి నా టోపీలో వేస్తారు. దగ్గరగా ఊహించినవాళ్ళకి ఒక కేకు. ఊరు ఎంచేది డ్రైవరే. ఫిబ్రవరిలో నా వంతు వచ్చింది.

అమ్మా, కోప్పడకు. యల్లూనాకి తీసుకెళ్ళాను.

కాగితం చింపెయ్యకుండా చదువు. పదిహేడేళ్ళప్పుడు ఆ ఊరొదిలి మళ్ళీ అటు తల తిప్పలేదని నాకు తెలుసు. నువ్వు క్లాసులోకి రాగానే వెనక బెంచీల వాళ్ళు, అక్కడి మ్యూజియంలోని బొమ్మలాగా గురక పెట్టేవాళ్ళని నువ్వు నాకు ఒక్కసారే చెప్పావు, అదీ ఉల్లిపాయలు తరుగుతూ, నా వైపు చూడకుండా. ఆ ఊరికి ఎందుకెళ్ళానో చివర్లో చెప్తాను. ముందు అక్కడ జరిగింది విను.

గని పొగగొట్టం కనబడగానే బస్సులో అందరూ టోపీలోని కాగితాల గురించి గోల. మూడో వరసలో విల్మా అనే ఎనభై నాలుగేళ్ళావిడ మాత్రం బిగుసుకుపోయింది. ప్రతి ట్రిప్పుకీ వచ్చి, అందరికీ పిప్పరమెంట్లు పంచే మనిషి. అందరూ దిగాక కూడా కదల్లేదు. దగ్గరికెళ్ళాను.

"ఏంటి విల్మా గారూ, కాళ్ళు పట్టేశాయా?"

"కాళ్ళు బానే ఉన్నాయి తల్లీ. ఈ ఊరని తెలిస్తే బస్సెక్కేదాన్నే కాదు."

"మా అమ్మ కూడా అంతే."

"మీ అమ్మకేమైంది?"

"పెద్ద కథలెండి. బాత్రూం మ్యూజియంలో ఉంది, ఎండ ముదరకముందే ఒకసారి వెళ్ళిరండి. మళ్ళీ మూడింటిదాకా నేను బస్సు తలుపు తియ్యను."

మ్యూజియంలో ఇప్పటికీ అదే అమ్మా. గనిలోంచి నీళ్ళు తోడే పంపు ఇంజను పక్కన గడ్డి కూరిన బొమ్మ, ముఖం మీద టోపీ, పొట్ట మీద చేతులు. "నిద్రమొహం హోస్కింగ్. 1919లో పంపు దగ్గర నిద్రపోయి నలుగురిని ముంచినవాడు." కింద ఎర్ర మీట. నొక్కితే గురక. మా బస్సువాళ్ళు వరసగా నిలబడి నొక్కుతున్నారు. రిటైరైన గణితం మాస్టారొకాయన మూడుసార్లు నొక్కాడు.

నాలుగోసారి నొక్కబోతుంటే ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"చాలు, ఆపండి. ఆయన మా అమ్మకి తాత."

మ్యూజియం చూసుకునే క్లెమ్ పరుగున వచ్చాడు. డెబ్భై దాటిన మనిషి, మెళ్ళో తాళాల గుత్తి.

"ఏమ్మాయ్, యాభై ఏళ్ళుగా చెప్తున్న సంగతే కదా ఇది. పిల్లలు దీనికోసమే వస్తారు."

"పిల్లలకి అంత ముచ్చటైతే మీ తాతని కూర్చోబెట్టండి. మీట నొక్కితే తుమ్మేట్టు చెయ్యండి."

"నోరు కాస్త అదుపులో పెట్టుకో. విచారణ కాగితాలున్నాయి మా దగ్గర. చూసిన సాక్షి చెప్పింది, నిద్రపోతున్నాడని."

అప్పుడు వెనకనుంచి ఒక గొంతు. "ఆ సాక్షి మా అమ్మమ్మ."

విల్మా. బాత్రూం కోసం వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. కుర్చీ వేశాను. కూర్చుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని చెప్పింది. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

గని మునిగిన రోజు మధ్యాహ్నం వాళ్ళమ్మమ్మ, గని లోపల పని చేస్తున్న భర్తకి భోజనం పట్టుకెళ్ళిందట. పంపు గదిలో మన తాత మోచేతులదాకా గ్రీజులో ఉన్నాడట. బదులు రావాల్సిన మనిషిని మేనేజరు అప్పటికి నెల కిందటే తీసేస్తే, మన తాత ఆగకుండా మూడో షిఫ్టు చేస్తున్నాడు. నీళ్ళు కారకుండా పంపు లోపల బిగించే తోలు పట్టీ చిరిగింది. "నేను దీన్ని వదిల్తే నీళ్ళొచ్చేస్తాయి. నువ్వు పరిగెత్తి మేనేజరుకి చెప్పు, మనుషుల్ని పైకి లాగమను" అన్నాడట. ఆవిడ పరిగెత్తింది. మేనేజరు భోజనం దగ్గరున్నాడని పనిమనిషి తలుపు తియ్యలేదు. తిరిగొచ్చేసరికి నీళ్ళొచ్చేశాయి. ఆ నలుగురిలో ఆవిడ భర్త ఒకడు.

"తర్వాత మేనేజరే వచ్చాడంట మా అమ్మమ్మ ఇంటికి," అంది విల్మా. "కంపెనీ ఇల్లు, నలుగురు పిల్లలు. హోస్కింగ్ నిద్రపోయాడని చెప్తే ఇంట్లో ఉండొచ్చన్నాడంట. చెప్పింది. చచ్చేదాకా ఆ ఇంట్లోనే ఉంది. నాకు పదిహేనేళ్ళప్పుడు చెప్పింది, ఎవరికీ చెప్పకు అని ఒట్టేయించుకుని. ఇంత వయసొచ్చి కూడా నేనెవరికీ చెప్పలేదు."

క్లెమ్ గడ్డం గోక్కున్నాడు. "కాగితం లేకుండా నేను కమిటీకి ఏం చెప్పనమ్మా?"

"నీ కాగితం మా అమ్మమ్మ చెప్పిన అబద్ధమేనయ్యా. అది అబద్ధమని ఆవిడ మనవరాల్ని నీ ఎదురుగా కూర్చుని చెప్తున్నాను. ఇంకే కాగితం కావాలి నీకు?"

క్లెమ్ వంగి, బొమ్మ వెనకున్న ప్లగ్గు పీకేశాడు. గణితం మాస్టారు దాని ముఖం మీది టోపీ తీసి మోకాళ్ళ మీద పెట్టాడు. టోపీ కింద ముఖమే లేదమ్మా, గోనెగుడ్డ.

ఆవేళ విల్మాని నేను తిడతాననే అనుకున్నాను. డెబ్భై ఏళ్ళు నోరు మూసుకుందన్న కోపం గొంతుదాకా వచ్చింది. కానీ తిట్టలేకపోయాను. ఎందుకో ఇప్పుడు చెప్తాను. ఇంతసేపూ ఇది రాయడానికే చుట్టూ తిరుగుతున్నాను.

నాకు పదమూడేళ్ళప్పుడు, బడివాళ్ళు బీచికి తీసుకెళ్తున్నారని నీతో సంతకం పెట్టించుకున్నాను గుర్తుందా? అది బీచి కాదు. యల్లూనా. చీటీ మడతపెట్టి కింది భాగం మాత్రం నీకు చూపించాను. నువ్వు చెప్పిన బొమ్మని చూడాలనిపించింది. మా క్లాసువాళ్ళందరూ మీట నొక్కి నవ్వారు. నా పేరు వెనక నాన్న ఇంటిపేరుంది గనక ఎవరికీ తెలియదు. నా వంతొచ్చింది. నొక్కాను. నవ్వాను. ముందు వరసలో నిలబడి, అందరికంటే గట్టిగా నవ్వాను. తిరుగు బస్సులో గురక పెట్టి చూపించమంటే చూపించాను కూడా. సాయంత్రం ఇంటికొస్తే, బీచిలో తడవకుండా ఎలా వచ్చావే అని నువ్వు నా తల నిమిరావు. జలుబు చేస్తుందని దిగలేదన్నాను.

పన్నెండేళ్ళుగా బోర్డుల మీదా, యజమానుల మీదా, దువ్వెనల మీదా అరుస్తున్నాను. ఆ నవ్వు మాత్రం ఎవరికీ చెప్పలేదు. అందుకే ఊరు ఎంచే వంతు రాగానే, ఆ బొమ్మ ముందు ఇంకోసారి నిలబడాలని బస్సు అటు తిప్పాను. ఇల్లు పోతుందని విల్మా వాళ్ళమ్మమ్మ అబద్ధమాడింది. నాకు ఏ ఇల్లు పోతుంది? నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు. కానీ ఉత్తరంలోనే తిట్టు, జవాబు రాయకుండా ఉండకు.

మిగతా కబుర్లు మంచివే. ఆ రోజు రెండు గంటలు ఆలస్యంగా తిరిగొచ్చినందుకు మా యజమాని డార్ల్ నన్ను తీసేస్తానన్నాడు. మర్నాడు బస్సువాళ్ళు పద్నాలుగు మంది ఫోన్ చేసి, మళ్ళీ యల్లూనా ట్రిప్పు ఎప్పుడని అడిగారు. ఇప్పుడు దాన్ని ప్రతి నెలా పెట్టాడు, మిస్టరీ కాదు, పేరు చెప్పే. కేకు ఆ రోజు ఎవరూ గెలవలేదు. యల్లూనా బేకరీలో అందరం కలిసి కోసుకు తిన్నాం. క్లెమ్ కూడా రెండు ముక్కలు తిన్నాడు.

నిన్న క్లెమ్ ఫోన్ చేశాడు. కమిటీ కూర్చుందట. ఇద్దరు కాదన్నారు, ఐదుగురు ఔనన్నారు. బొమ్మ తీసేశారు. విల్మా చెప్పింది రాయించి, ఆవిడ చేత సంతకం చేయించి, విచారణ కాగితాల పక్కనే పెడతారు. పంపు పక్కన కొత్త బోర్డు. "దాని మీద ఏం రాయాలో ఆ ఇంటివాళ్ళే చెప్పాలి. మీ అమ్మ బతికే ఉందా తల్లీ?" అని అడిగాడు. ఉందన్నాను, చాలా బాగా వండుతుందన్నాను.

రాత్రంతా కూర్చుని నేనే రాయడానికి చూశాను. తొమ్మిది కాగితాలు పాడుచేశాను. నేను రాస్తే మేనేజరు పేరే ముందొస్తోంది, తిట్లే వస్తున్నాయి. తాత రావడం లేదు. ఆయన్ని నేనెరగను. నువ్వెరుగుదువు, నీ ఎనిమిదో ఏటిదాకా ఆయన వేలు పట్టుకునే బడికెళ్ళావు. ఆయన ఎలా నడిచేవాడో, నీతో ఏం మాట్లాడేవాడో నువ్వే రాయాలి. ఆరు వరుసలకి చోటుందట. ఎక్కువైనా పర్లేదు, ఇంకా పెద్ద చెక్క తెప్పిస్తానన్నాడు క్లెమ్.

ఇట్లు,
నవ్వినందుకు సిగ్గుపడుతూ, నీ ఆరు వరుసల కోసం చూసే
నీ కూతురు
మెరిన్