పొర చూసి కోయాల

మంగళవారం, ఆత్మకూరు

ఒంట్లో ఓపిక లేదు. ఈ రోజు నస్రీన్ మీద అరిచాను. ఫోన్లో నా దగ్గర ఫ్రెంచ్ నేర్చుకున్న నలుగురిలో మిగిలింది తనొక్కతే. వచ్చే వారమే పరీక్ష. పాసైతేనే విదేశంలో నర్సు ఉద్యోగం.

విడదీయడం అనే అర్థమున్న ‘దేజ్యునీర్’ని పలికేటప్పుడు దే-జ్యు-నీర్ అనే విరవాలి. పుట్టుకను బట్టి చూస్తే మాత్రం విరుపు వేరే చోట. లాటిన్‌లో ‘ఒకటి’ నుంచి వచ్చిన ‘యునీర్’ అంటే కలపడం. దాని ముందు అర్థాన్ని తిప్పేసే ‘దేజ్’ చేరింది. నస్రీన్ ఐదోసారి కూడా ‘జ్యునీర్’ అంటే ఏమిటని అడిగింది. "బుర్ర ఎక్కడ పెట్టుకున్నావ్?" అనేశాను.

ఉదయగిరిలో కొయ్య చెంచాలు చెక్కే వాళ్లమ్మ ఫోన్ అందుకుంది.

"మేడమ్, ఈ పిల్ల చెవికి వినపడ్డ చోటల్లా కోస్తా ఉండాది. కట్టెని అట్ట కోస్తే చెంచా విరిగిపోతాది. పొర ఎటు పోతాదో చూసి కోయాల. పని నేర్చుకోను వచ్చినోళ్లకి మేం మొదట అదే చూపిస్తాం. మీరు చూపించినారా?"

లేదు. పదాల జాబితా ఇచ్చి బట్టీ పట్టమన్నాను, నలుగురినీ.

మానేసిన ముగ్గురినీ ఒట్టి సోమరులని తిట్టుకున్నది కూడా ఈ డైరీలోనే.