జాడక్ ట్విలీ కొయ్యబాతులు ఎవరికి

మేరీలాండ్ తూర్పు తీరం, హేలోవ్ రేవులో కాపురముంటున్న జాడక్ ట్విలీ అను నేను, ఊపిరితిత్తులు చెడినా బుర్ర చెడని స్థితిలో, ఎవరి బలవంతమూ లేకుండా స్వదస్తూరీతో రాసుకున్న వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవేవైనా దొరికితే పొయ్యిలో పెట్టవలసినది.

1. నా బావమరిది విల్బర్‌కి గొడ్డలి పిడి. అరువు తీసుకెళ్ళిన గొడ్డలి అడిగితే "ఎప్పుడో ఇచ్చేశాగా బావా" అని దబాయిస్తాడు. దానికోసం చెక్కిన కొత్త పిడి నా దగ్గరుండి ఏం లాభం? అదీ వాడే అనుభవించుగాక.

2. నా కుక్క జెబ్‌కి నా ఉన్ని కోటు. దానిమీద పడుకోనివ్వాలి. ఉతక్కూడదు.

3. అసలు బాతుల్ని వేటగాళ్ళ దగ్గరికి దింపడానికి నీళ్ళలో వదిలే నా కొయ్యబాతులకు రంగులు వేసే కుమార్తె హెట్టీకి నా కుంచెలన్నీ, వాళ్ళమ్మ అల్లిన చేతితొడుగులు. చలికి వేళ్ళు పగిలి నెత్తురొస్తున్నా "ఏం కాదులే నాన్నా" అంటుంది పిచ్చిది. తొడుక్కో తల్లీ.

4. కుమారుడు ఆరిన్‌కి నా కొట్టు, దేవదారు దుంగలు, బాతుతలల అచ్చుపలకలు, బాతు అడుగున నా పేరు కాల్చే ఇనపముద్ర, సర్వహక్కులతో. చదివేవారు ఇక్కడ కాసేపు ఆగాలి. వాణ్ణి బాగా నవ్వనివ్వాలి.

5. పోయిన శీతాకాలం, వేటగాళ్ళను పడవలో తిప్పే కెప్టెన్ లోరీకి ఆరిన్ తను చెక్కిన బాతులు అంటగట్టాడు, అడుగున నా ముద్ర కాల్చి మరీ. ఒంటినిండా వార్నిష్ తళతళలు. "పట్నంవాళ్ళకి మెరిస్తేనే నచ్చుతాయి నాన్నా" అంటాడు. కొనేది పట్నంవాళ్ళేమో గానీ, దిగాల్సింది బాతులు కదురా వెధవా! పైగా బాతు నిటారుగా తేలేందుకు అడుగున పెట్టే సీసం ఓ పక్కకి కొట్టాడు. నీళ్ళలో వదలగానే సగం వెల్లకిలా పడ్డాయి. ఆకాశంలో వస్తున్న ఎర్రతల బాతులు ఆ మెరుపు చూసి అటునుంచి అటే మళ్ళిపోయాయి. నా పేరు పైకి తేలింది. "పాపం, జాడక్‌కి చూపు పోయినట్టుంది" అన్నారు రేవులో. ఆరిన్ అక్కడే ఉండి, "పెద్దాయన కదండీ, ఏం చేస్తాం" అన్నాడు. ఆ మాట నేను క్షమించలేదు. చచ్చాక కూడా క్షమించను.

6. సాక్షిగా సంతకం చేసినవారికి ఈ వీలునామా కింద చిల్లిగవ్వ కూడా చెందదని లాయరుగారు నొక్కి చెప్పారు. అలా ఎవరి వాటా చెల్లకుండా పోయినా అది హెట్టీకి చెందవలసినది.

7. దీని అమలు బాధ్యత కెప్టెన్ లోరీది. నన్ను పూడ్చిన రోజే, రేవులో అందరినీ పిలిచి, ఆరిన్‌ని ముందు కూర్చోబెట్టి, సాక్షుల పేర్లతో సహా గట్టిగా చదవాలి.

మొదటి సాక్షి నా ఎదురుగా ఉన్నారు. రెండో సాక్షి పక్కగదిలో వార్నిష్ పూస్తున్నాడు. కేకేస్తే వస్తాడు. "ఎక్కడ పెట్టాలి?" అంటాడే తప్ప ఏం రాశావని అడగడు.

1938 నవంబరు 9
(సంతకం) జాడక్ ట్విలీ

సాక్షులు:
1. ఎబెన్ హార్మన్, పోస్టుమాస్టరు
2. ఆరిన్ ట్విలీ, పై జాడక్ ట్విలీ కుమారుడు